బలవంతపు పెళ్లి: ఒప్పించడం ఎక్కడ ఆగుతుంది, బలవంతం ఎక్కడ మొదలవుతుంది, సాయం ఎక్కడ దొరుకుతుంది

వైజాగ్‌లో మంచి ముహూర్తాలున్న రోజుల్లో సాయంత్రం పూట ఎన్‌ఏడీ జంక్షన్ నుంచి గాజువాక వైపు వెళ్తే ఫంక్షన్ హాళ్ల లైట్ల మధ్య ట్రాఫిక్ ఒక పట్టాన కదలదు. ఆ పెళ్లిళ్లలో చాలావరకు పెద్దలు కుదిర్చినవే, పిల్లలు ఇష్టపడి చేసుకుంటున్నవే. మధ్యలో ఎక్కడో ఒకటి అలాంటిది కాకపోవచ్చు, కానీ మండపం ముందు కుర్చీలో కూర్చున్న మనకి ఆ తేడా తెలియదు. పెళ్లికూతురు తలొంచుకుంటే సిగ్గనుకుంటాం, ఏడిస్తే పుట్టింటి మీద బెంగనుకుంటాం, పెళ్లికొడుకు ముభావంగా ఉంటే టెన్షన్‌లో ఉన్నాడనుకుంటాం.

ముహూర్తానికి ముందు రోజు అమ్మాయి పోలీస్ స్టేషన్‌కి వెళ్లిందన్న వార్త పేపర్లో వస్తే ఇంట్లో వాదన రెండుగా చీలుతుంది. "కన్నవాళ్లు నాలుగు మాటలు చెప్పి ఒప్పిస్తే అదీ బలవంతమేనా? అలాగైతే మా తరంలో అందరివీ బలవంతపు పెళ్లిళ్లే" అంటారు పెద్దవాళ్లు. "ఇష్టం లేకుండా చేస్తే నేరం కదా, కేసు పెట్టాలి" అంటారు పిల్లలు. ఇద్దరి మాటల్లోనూ కొంత నిజం ఉంది, కొంత తికమక ఉంది. మన దేశంలో "బలవంతపు పెళ్లి" అనే పేరుతో ఒక్క చట్టమూ లేదు. దానికి పనికొచ్చే ముక్కలు మాత్రం పది చోట్ల ఉన్నాయి, వాటిల్లో ఏది ఎప్పుడు పనిచేస్తుందో తెలియకే చాలామంది టైమ్ పోగొట్టుకుంటున్నారు.

వద్దు అన్నాక ఇంట్లో ఏం జరిగింది?

ముందు తేలిక సంగతి. సంబంధం ఎవరు తెచ్చారన్నదాన్ని బట్టి బలవంతం తేలదు. పేరయ్య తెచ్చినా, మ్యాట్రిమొనీ సైట్‌లో దొరికినా, మేనమామ కొడుకే అయినా, పిల్లకీ పిల్లాడికీ "వద్దు" అనే వీలుండి, అన్నాక ఆ సంబంధం నిజంగా ఆగిపోతే అది పెద్దలు కుదిర్చిన పెళ్లే. 1948 నాటి మానవ హక్కుల సార్వత్రిక ప్రకటన 16వ అధికరణం కూడా పెళ్లికి ఇద్దరి స్వేచ్ఛాయుతమైన, పూర్తి సమ్మతి ఉండాలనే అంటుంది. వధూవరుల్ని ఎవరు వెతకాలన్న జోలికి అది పోదు.

తేడా అంతా "వద్దు" అన్న తర్వాత రోజుల్లో కనపడుతుంది. అమ్మ రెండు రోజులు అలగడం, నాన్న మాట్లాడకపోవడం, అత్త ఫోన్ చేసి "వయసు మీద పడుతోంది తల్లీ, ఆలోచించు" అనడం, ఇవి ఒత్తిళ్లే, చిరాకు తెప్పించేవే, అయినా వీటిని ఎవరూ కేసుగా చూడరు. అదే ఫోన్ లాక్కుని ఉద్యోగం మాన్పించి, వేరే ఊళ్లో పెదనాన్న ఇంట్లో పెట్టి గది బయట గడియ వేస్తే అక్కడ అనుమానానికి తావే లేదు. కొట్టినా, ఆ అబ్బాయిని చంపేస్తామని బెదిరించినా అంతే.

కష్టమంతా ఈ రెండింటి మధ్యలో ఉంది. మన ఇళ్లల్లో ఎక్కువగా వినపడే బెదిరింపు కూడా అక్కడిదే. "నువ్వు ఈ పెళ్లి చేసుకోకపోతే పురుగుల మందు తాగి చస్తాను" అని తండ్రి అంటాడు, కొన్నిసార్లు డబ్బా తెచ్చి ముందు పెడతాడు కూడా. చెయ్యి ఎత్తలేదు, తలుపు వెయ్యలేదు. మరి ఆ తర్వాత వచ్చిన "సరే" సమ్మతేనా?

ఇలాంటి ప్రశ్నే వందేళ్ల కిందట ఒక తెలుగు కుటుంబం నుంచి మద్రాసు హైకోర్టు దాకా వెళ్లింది. పెళ్లి విషయం కాదు, ఆస్తి విషయం. ఒకాయన చచ్చిపోతానని బెదిరించి భార్య చేత, కొడుకు చేత తన అన్నదమ్ముడి పేర హక్కు వదులుకుంటున్నట్టు రాయించాడు. చిక్కం అమ్మిరాజు వర్సెస్ చిక్కం శేషమ్మ పేరుతో లా పుస్తకాల్లో ఉన్న 1917 నాటి తీర్పు అది. ఆత్మహత్య బెదిరింపు కూడా కాంట్రాక్టు చట్టం 15వ సెక్షన్ కింద నిర్బంధమే అని జడ్జీల్లో ఎక్కువమంది తేల్చారు, ఒక జడ్జి ఒప్పుకోలేదు. మతంతో పని లేకుండా రిజిస్టర్ చేసుకునే పెళ్లిళ్లకి వర్తించే ప్రత్యేక వివాహ చట్టం 25వ సెక్షన్ నిర్బంధానికి సరిగ్గా ఆ కాంట్రాక్టు చట్టపు నిర్వచనాన్నే అరువు తెచ్చుకుంది. హిందూ వివాహ చట్టం అలా చెయ్యలేదు, "ఫోర్స్" అనే మాట వాడి ఊరుకుంది. పైగా పాత ఐపీసీ స్థానంలో వచ్చిన కొత్త భారతీయ న్యాయ సంహితలో మామూలు ఆత్మహత్యాయత్నం నేరంగా లేదు కాబట్టి ఆ పాత తీర్పు ఇవాళ ఎంతవరకు నిలుస్తుందన్నది కోర్టులో వాదించుకోవాల్సిందే. కనీసం "మందు తాగుతానన్నాడు, అంతేగా, అదేం బలవంతం" అని కొట్టిపారెయ్యడానికి మాత్రం వీల్లేదు.

మన దగ్గర ఇది ఏ రూపంలో వస్తుంది

2022లో అంతర్జాతీయ కార్మిక సంస్థ, దాని భాగస్వాములు కలిసి వేసిన అంచనా ప్రకారం 2021లో ప్రపంచం మొత్తం మీద ఏ రోజు చూసినా 2.2 కోట్ల మంది బలవంతపు పెళ్లిలో ఉన్నారు. అందులో మన జిల్లా వాటా ఎంతో చెప్పే లెక్క లేదు. దగ్గరి లెక్కలు రెండున్నాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 20-24 ఏళ్ల స్త్రీలలో 18 నిండకుండానే పెళ్లయినవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం. దేశం సగటు 23.3. అదే సర్వేలో ఇక్కడి పెళ్లిళ్లలో నాలుగో వంతుకు పైగా రక్తసంబంధీకుల మధ్య జరిగినవే.

మేనరికం తప్పని అనడం లేదు. ఆచారం ఉన్నచోట హిందూ వివాహ చట్టమే దాన్ని ఒప్పుకుంటుంది, ఇష్టపడి బావని చేసుకుని హాయిగా ఉన్నవాళ్లు ప్రతి వీధిలోనూ ఉన్నారు. ఇబ్బంది ఏమిటంటే మేనరికంలో "వద్దు" అన్న మాటకి ఖరీదు ఎక్కువ. బయటి సంబంధం కాదంటే ఆ ఇంటితో మళ్లీ పని ఉండదు, మేనమామ కొడుకుని కాదంటే మాత్రం అమ్మకి పుట్టిల్లు దూరమవుతుంది, అమ్మమ్మ అన్నం మానేస్తుంది, పుట్టినప్పుడే మాటిచ్చామంటారు, మధ్యలో పొలం వాటా ఒకటి ఉంటుంది. ఇదంతా పందొమ్మిదేళ్ల పిల్ల నెత్తిన పడుతుంది.

వేరే కులం అబ్బాయితో పరిచయం బయటపడగానే పది రోజుల్లో ఇంకో సంబంధం ఖాయం చేసెయ్యడం ఇంకో రూపం. మంచం పట్టిన తాతగారి ఆఖరి కోరిక ఇంకొకటి. అబ్బాయిలకీ ఇది ఉంది. పెళ్లయితే తాగుడు మానేస్తాడనో, బాధ్యత తెలుస్తుందనో, లేదంటే అబ్బాయికి ఆడపిల్లల మీద ఇష్టం లేదని అనుమానమొచ్చి "పెళ్లి చేస్తే అదే కుదురుకుంటుంది" అనో కట్టబెడతారు. ఆ చివరి రకంలో ఇద్దరు మోసపోతారు, వచ్చిన అమ్మాయికి విషయమే తెలియదు. బీహార్‌లో అయితే పెళ్లికొడుకుల్నే ఎత్తుకుపోయి పీటల మీద కూర్చోబెట్టే పకడ్వా వివాహాలు కోర్టుల దాకా వెళ్లాయి.

పాత రోజుల సంగతికొస్తే, 19వ శతాబ్దం చివర్లో విజయనగరం మహారాజా ఆనంద గజపతి అప్పటి విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాల్లో డబ్బు పుచ్చుకుని చేసిన పెళ్లిళ్ల జాబితా తీయిస్తే మూడేళ్లలో 1,034 తేలాయి. అందులో ఏడాది పిల్లలు కూడా ఉన్నారు. సమ్మతి అనే ప్రశ్నకి అసలు చోటే లేని పెళ్లిళ్లవి.

తాళి పడక ముందు: గాజువాక అమ్మాయి ఉదాహరణ

ఒక ఊహాజనిత ఉదాహరణ తీసుకుందాం. గాజువాక అమ్మాయి, 23 ఏళ్లు, మధురవాడలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. సంబంధం వద్దంది. ల్యాప్‌టాప్, ఫోన్ తీసేసుకున్నారు, ఆఫీసుకి ఒంట్లో బాగోలేదని తండ్రే మెయిల్ పెట్టాడు, అమ్మాయిని నర్సీపట్నం దగ్గర పెదనాన్న ఇంటికి పంపారు. ముహూర్తం పన్నెండు రోజుల్లో ఉంది. పెదనాన్న కూతురి ఫోన్ నుంచి స్నేహితురాలికి ఒక్క మెసేజ్ పంపగలిగింది.

ఇక్కడ పనికొచ్చే చట్టాల్లో చాలామందికి తట్టనిది గృహహింస చట్టం. భర్త, అత్తమామల మీద పెట్టేది కదా అనుకుంటాం. 2005 నాటి ఆ చట్టం రక్తసంబంధంతో ఒకే ఇంట్లో ఉన్నవాళ్లకీ వర్తిస్తుంది, అంటే కూతురు తండ్రి మీద అడగొచ్చు. 2016 సుప్రీంకోర్టు తీర్పు తర్వాత తల్లి మీద, అత్త మీద కూడా అడగొచ్చు. ఆ చట్టం రూల్స్‌తో పాటు ఒక ఫారం ఉంది, ఆ చట్టం కింద ప్రభుత్వం పెట్టే రక్షణ అధికారి నింపేది. అందులో మాటలతో, మనసుకు కలిగించే హింస కింద ఒక్కొక్కటీ టిక్ పెట్టే జాబితా ఉంటుంది, ఆ జాబితాలో "ఇష్టం లేకపోయినా పెళ్లి చేసుకోమని బలవంతపెట్టడం", "ఇష్టపడినవాళ్లని పెళ్లి చేసుకోకుండా అడ్డుకోవడం", "తాము ఎంచుకున్నవాళ్లనే చేసుకోమని బలవంతపెట్టడం" విడివిడిగా ఉన్నాయి. కొట్టారని చూపించనక్కర్లేదు. మేజిస్ట్రేట్ దగ్గర అర్జీ పడితే మామూలుగా మూడు రోజుల్లోపు మొదటి విచారణ పెట్టాలి. రక్షణ ఉత్తర్వు వచ్చాక దాన్ని మీరితే ఏడాది దాకా జైలు, లేదా 20,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ.

గదిలో పెట్టి గడియ వెయ్యడం న్యాయ సంహిత 127వ సెక్షన్ కింద అక్రమ నిర్బంధం. పెళ్లికి బలవంతపెట్టాలని స్త్రీని ఎత్తుకుపోతే 87వ సెక్షన్, పదేళ్ల దాకా శిక్ష. నిర్బంధంలో ఉన్న మనిషిని వెతికి తెమ్మని మేజిస్ట్రేట్ సెర్చ్ వారెంట్ ఇవ్వొచ్చు, అది పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన నాగరిక సురక్షా సంహిత 100వ సెక్షన్. ఇంకా పెద్ద అడుగు కావాలంటే అమరావతిలో హైకోర్టులో హెబియస్ కార్పస్ ఉంది, అంటే నిర్బంధంలో ఉన్న మనిషిని కోర్టు ముందుకు తెమ్మని అడగడం, ఆ పిటిషన్ స్నేహితురాలు కూడా వెయ్యొచ్చు. నర్సీపట్నం ఇప్పుడు అనకాపల్లి జిల్లా కదా, ఫిర్యాదు అక్కడికెళ్లి ఇవ్వాలేమో అన్న సందేహం వస్తుంది. అక్కర్లేదు. అదే సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఎఫ్ఐఆర్ తీసుకోవాలి, జనం జీరో ఎఫ్ఐఆర్ అనేది దాన్నే.

స్టేషన్‌లో ఎక్కువగా ఎదురయ్యే మాట, "ఇది మీ ఇంటి విషయం కదమ్మా, కూర్చుని మాట్లాడుకోండి." దానికి జవాబు సుప్రీంకోర్టు 2018లోనే రెండు తీర్పుల్లో ఇచ్చేసింది. శక్తి వాహిని కేసులో, ఇద్దరు మేజర్లు ఒకర్నొకరు ఎంచుకుంటే కుటుంబం, కులం ఒప్పుకోవాల్సిన పని లేదంది, అలాంటి జంటల కోసం ప్రతి జిల్లాలో ప్రత్యేక సెల్ ఉండాలని ఆదేశించింది, సేఫ్ హౌస్‌లు పెట్టే సంగతి ఆలోచించమంది. అదే ఏడాది హాదియా కేసులో, ఎవర్ని పెళ్లి చేసుకోవాలన్నది రాజ్యాంగంలో వ్యక్తి స్వేచ్ఛ గురించిన 21వ అధికరణం కాపాడే సొంత నిర్ణయం అంది. ఎవర్ని చేసుకోవాలో ఎంచుకునే హక్కున్నప్పుడు ఎవర్ని వద్దనాలో చెప్పే హక్కు దాంట్లోనే ఉంది.

ఒక చిన్న హెచ్చరిక లాంటిది కూడా చెప్పాలి. అమ్మాయి ఎలాగో బయటపడి హాస్టల్‌కి చేరిందనుకోండి, తల్లిదండ్రులు మిస్సింగ్ కేసు పెడతారు. పోలీసులు ఫోన్ చేస్తే చాలామంది భయపడి స్విచ్ ఆఫ్ చేస్తారు, దాంతో వ్యవహారం ముదురుతుంది. మేజరైన మనిషి "నా ఇష్టంతోనే వచ్చాను, క్షేమంగా ఉన్నాను" అని పోలీసుల ముందో మేజిస్ట్రేట్ ముందో చెప్తే ఇంటికి పంపమని ఎవరూ ఆదేశించలేరు.

పద్దెనిమిది లోపు అయితే లెక్కే వేరు

వయసు తక్కువైనప్పుడు సమ్మతి గురించి వాదనే అనవసరం, పిల్ల "నాకిష్టమే" అన్నా చట్టానికి పట్టదు. 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టం అమ్మాయికి 18, అబ్బాయికి 21 పెట్టింది. ఇక్కడ చాలామంది గమనించనిది, ఇరవయ్యేళ్ల పెళ్లికొడుకు కూడా ఆ చట్టం లెక్కలో "బాలుడే".

పెందుర్తి వైపు పదహారేళ్ల పిల్లకి నిశ్చితార్థం అయిందని టీచరుకి తెలిసిందనుకుందాం. టీచరు పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్యొచ్చు, సచివాలయంలో మహిళా పోలీసుకి చెప్పొచ్చు, బాల్యవివాహ నిషేధ అధికారికి రాయొచ్చు. విషయం తెలిసిన ఎవరు ఫిర్యాదు చేసినా మేజిస్ట్రేట్ 13వ సెక్షన్ కింద పెళ్లి ఆపమని ఇంజంక్షన్ ఇవ్వొచ్చు. ఆ ఉత్తర్వు ఉండగా రాత్రికి రాత్రి గుళ్లో తాళి కట్టించేసినా ఆ పెళ్లి మొదటినుంచీ చెల్లదు. ఇంజంక్షన్ లేకుండా జరిగిపోయిన బాల్యవివాహం మాత్రం దానంతటదే రద్దు కాదు. పిల్లే కోర్టుకెళ్లి రద్దు చేయించుకోవాలి, మేజరయ్యాక రెండేళ్ల లోపు. బలవంతంగానో మోసంతోనో సంరక్షకుల దగ్గర్నుంచి తీసుకుపోయి చేసినా, అమ్మేసి చేసినా 12వ సెక్షన్ కింద అసలు పెళ్లే కాదు. చేయించినవాళ్లకి, జరిపించినవాళ్లకి రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా ఉన్నాయి. అయినా 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు శిక్షల కన్నా ముందుగానే ఆపడం మీద దృష్టి పెట్టమంది, ఆ మాటలో అనుభవం ఉందనిపిస్తుంది. అమ్మానాన్నల్ని జైల్లో పెడతారంటే ఏ పిల్లా నోరు విప్పదు.

తాళి పడ్డాక: ఏడాది గడియారం

ఇక అసలు చిక్కు. పెళ్లికి ముందు చట్టం తలుపు వెడల్పుగా తెరిచి ఉంటుంది, పీటల మీద కూర్చుని లేచేసరికి అదే తలుపు సందులా మారుతుంది. గృహహింస ఫారంలో ఒక్క టిక్కుతో సరిపోయిన విషయానికే ఇప్పుడు సాక్ష్యాలు కావాలి.

హిందూ వివాహ చట్టం 12వ సెక్షన్ ప్రకారం బలంతోనో మోసంతోనో సమ్మతి రాబట్టిన పెళ్లిని ఫ్యామిలీ కోర్టు రద్దు చెయ్యొచ్చు. విడాకులకీ దీనికీ తేడా ఉంది. విడాకులంటే చెల్లిన పెళ్లిని తెంచడం, మామూలుగా పెళ్లయిన ఏడాదిలోపు పిటిషనే వెయ్యనివ్వరు. రద్దు అలా కాదు, వెంటనే వెయ్యొచ్చు, పైగా ఆలస్యం చేస్తేనే పోతుంది: బలవంతం ఆగిన రోజు నుంచి ఏడాదిలోపు వెయ్యాలి. ఇంకో షరతు కూడా ఉంది. ఆ బలవంతం ఆగాక పూర్తి ఇష్టంతో కాపురం చేసి ఉండకూడదు.

మన గాజువాక అమ్మాయికి సాయం అందక ఫిబ్రవరిలో పెళ్లయిపోయిందనుకోండి. ఏప్రిల్ దాకా అత్తవారింట్లో ఫోన్ లేదు, అన్న రోజూ వచ్చి చూసి పోతున్నాడు. మే నెలలో భర్తతో హైదరాబాద్ వెళ్లింది, అక్కడ ఫోన్ చేతికొచ్చింది. ఆగస్టులో బయటికొచ్చేసింది. ఏడాది ఫిబ్రవరి నుంచా, మే నుంచా, ఆగస్టు నుంచా? చట్టం పెళ్లి తేదీ నుంచి అనలేదు కాబట్టి లాయరు మే అంటాడు, ఇంకా గట్టివాడైతే ఆగస్టు అంటాడు. అవతలి లాయరు హైదరాబాద్‌లో ట్యాంక్‌బండ్ మీద దిగిన సెల్ఫీ తీసి "ఇది పూర్తి ఇష్టంతో కాపురం కాదా" అని అడుగుతాడు. అందుకే పెళ్లికి ముందు స్నేహితురాలికి పెట్టిన ఆ ఒక్క మెసేజ్, ఆఫీసుకెళ్లిన దొంగ మెయిల్, ఎమర్జెన్సీ నంబరు 112కి చేసిన కాల్ లాంటివి అప్పుడు పనికిరానట్టే ఉండి ఇప్పుడు కేసంతా వాటి మీదే నిలబడుతుంది. గడువు దాటిపోతే విడాకులు మిగులుతాయి, క్రూరత్వం కారణంగా గానీ, ఏడాది విడిగా ఉన్నాక పరస్పర అంగీకారంతో గానీ. పెళ్లి రద్దయితే పుట్టిన బిడ్డ సంగతేమిటని భయపడేవాళ్లుంటారు, 16వ సెక్షన్ ప్రకారం ఆ బిడ్డ చట్టబద్ధమైన సంతానమే.

అవతలివైపు నుంచి కాపురానికి రమ్మని హిందూ వివాహ చట్టం 9వ సెక్షన్ కింద కేసు రావచ్చు. ఈ సెక్షన్‌కి పెద్ద చరిత్రే ఉంది. పదకొండేళ్లకి పెళ్లి చేసిన రఖ్మాబాయి పెద్దయ్యాక కాపురానికి వెళ్లనంటే, 1887లో బొంబాయి హైకోర్టు వెళ్లు లేదా ఆరు నెలలు జైలుకి వెళ్లు అంది, ఆవిడ జైలుకే సిద్ధపడింది. ఆ తర్వాత డాక్టర్ అయింది. 1983లో సరిత కేసులో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు జస్టిస్ పి.ఎ. చౌదరి ఈ సెక్షన్‌నే రాజ్యాంగ విరుద్ధమని కొట్టేశారు, మరుసటి ఏడాదే వేరే కేసులో సుప్రీంకోర్టు ఆ అభిప్రాయాన్ని తోసిపుచ్చింది. కాబట్టి సెక్షన్ ఇంకా బతికే ఉంది, అయితే డిక్రీ వచ్చినా పోలీసులు పట్టుకెళ్లి అత్తవారింట్లో దింపరు. మహా అయితే ఆస్తి జప్తు దాకా వెళ్తుంది.

చెప్పడానికి ఇబ్బందిగా ఉన్నా చెప్పాల్సింది ఒకటుంది. భార్యకి 18 దాటితే ఆమె ఇష్టం లేకుండా భర్త చేసే బలవంతాన్ని మన నేర చట్టం అత్యాచారంగా చూడదు. ఈ మినహాయింపును సవాలు చేసిన పిటిషన్లు సుప్రీంకోర్టు ముందు ఉన్నాయి. 18 లోపు భార్య అయితే 2017 నుంచి అది అత్యాచారమే. గృహహింస చట్టం కింద మాత్రం పెద్దవాళ్లకి కూడా లైంగిక హింస ఫిర్యాదు చేసే వీలుంది.

ముస్లింలలో పెళ్లికి సమ్మతి తప్పనిసరి, పదిహేనేళ్ల లోపు పెద్దలు చేసిన పెళ్లిని, కాపురం జరగకపోతే, 18 నిండేలోపు కాదనే హక్కు 1939 నాటి ముస్లిం వివాహాల రద్దు చట్టంలో ఉంది. క్రైస్తవులకి 1869 నాటి విడాకుల చట్టంలో బలవంతం, మోసం కారణంగా రద్దు అడగొచ్చు. పాడేరు ఏజెన్సీ గిరిజనులకి హిందూ వివాహ చట్టం వర్తించదు, ఆచారమే చట్టం, అందుకని రద్దు కావాలంటే కోర్టులో తమ ఆచారాన్ని నిరూపించుకోవాల్సి వస్తుంది. బాల్యవివాహ చట్టం మాత్రం వాళ్లకీ వర్తిస్తుంది.

విడిగా ఒక చట్టం తేవాలా?

బ్రిటన్ తెచ్చింది. 2007లో సివిల్ చట్టం చేశారు, కోర్టు ముందుగానే రక్షణ ఉత్తర్వు ఇస్తుంది, పాస్‌పోర్టు అప్పగించమనొచ్చు, దేశం దాటించొద్దనొచ్చు. 2014లో దాన్ని నేరం కూడా చేసి ఏడేళ్ల దాకా శిక్ష పెట్టారు. సెలవులకని స్వదేశానికి తీసుకెళ్తున్న ఆడపిల్లలకి అక్కడి కర్మ నిర్వాణ అనే సంస్థ ఒక చిట్కా చెప్పేది: లోదుస్తుల్లో చెంచా పెట్టుకోండి, ఎయిర్‌పోర్టులో మెటల్ డిటెక్టర్ మోగుతుంది, పక్కకి తీసుకెళ్తారు, అమ్మానాన్నలు పక్కన లేకుండా మాట్లాడే చోటు దొరికేది అదొక్కటే.

ఇక్కడా అలాంటి చట్టం కావాలనేవాళ్ల వాదన బలమైనదే: పేరు లేని తప్పు మీద ఫిర్యాదు ఇవ్వబోతే స్టేషన్‌లో ఏ సెక్షన్ రాయాలో తెలియదు, రాజీయే సులువైన దారి అవుతుంది. వద్దనేవాళ్ల భయమూ ఉత్తది కాదు. ఉన్న చట్టాల్నే కన్నవాళ్లు పిల్లల మీద వాడుతున్నారు, ఇష్టపడి వెళ్లిపోతే అబ్బాయి మీద కిడ్నాప్ కేసు పెట్టడం మనకి కొత్త కాదు. 2021 డిసెంబరులో అమ్మాయిల పెళ్లి వయసు 21 చెయ్యాలని బిల్లు పెట్టినప్పుడు కూడా ఇదే అభ్యంతరం వచ్చింది, ఆ బిల్లు 2024లో లోక్‌సభతో పాటే మురిగిపోయింది. నా మటుకు నాకు, జైలు కన్నా ముందు పడే సివిల్ ఉత్తర్వే ఎక్కువమందికి అక్కరకొస్తుందనిపిస్తుంది. పెళ్లి ఆగాలి గానీ నాన్న జైలుకి పోకూడదు అని కోరుకునే పిల్లలే ఎక్కువ. అలాంటి ఉత్తర్వు గృహహింస చట్టంలో ఇప్పటికే ఉంది, అబ్బాయిలకి మాత్రం లేదు, ఆ చట్టం కింద అడగగలిగేది స్త్రీలే. మగపిల్లాడికి పెళ్లికి ముందు పోలీసు ఫిర్యాదు, తర్వాత హిందూ వివాహ చట్టం 12వ సెక్షన్, ప్రధానంగా ఇవే దారులు.

విశాఖలో ఏ తలుపు తడితే ఏం జరుగుతుంది

ప్రాణభయం ఉంటే 112. స్త్రీలకి 181, ఇరవైనాలుగు గంటలూ పనిచేస్తుంది, అక్కడి నుంచి సఖి వన్ స్టాప్ సెంటర్‌కి కలుపుతారు. ఆ సెంటర్లో వైద్యం, కౌన్సెలింగ్, పోలీసు సాయం, లాయరు సలహా ఒకేచోట దొరుకుతాయి, ఐదు రోజుల దాకా ఉండొచ్చు. తర్వాత కూడా చోటు కావాలంటే శక్తి సదన్ అనే ప్రభుత్వ ఆశ్రయ గృహానికి పంపుతారు. జిల్లా కోర్టు ఆవరణలో జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంది, నంబరు 15100. స్త్రీలకి, పిల్లలకి, ఎస్సీ ఎస్టీలకి ఆదాయం ఎంతున్నా ఉచితంగా లాయర్ని ఇస్తారు. ఈ సంగతి మధురవాడలో జీతం తీసుకునే అమ్మాయిలకే ఎక్కువగా తెలియదు, మనకెందుకిస్తార్లే అనుకుంటారు.

కౌన్సెలింగ్ అంటే కుటుంబాన్ని పిలిచి అందర్నీ ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టడం అని చాలాచోట్ల అలవాటైపోయింది. మామూలు మొగుడూ పెళ్లాల గొడవలో అది పనికొస్తుందేమో గానీ, గదిలో పెట్టి గడియ వేసినవాళ్ల ఎదురుగా "నీకేం కావాలమ్మా" అని అడిగితే ఏ పిల్లయినా నేల చూపులు చూస్తుంది. 2024 మార్చిలో సుప్రీంకోర్టు ఇలాంటి కేసులు వినే కోర్టులకి మార్గదర్శకాలిస్తూ, ఆ మనిషితో విడిగా, ఒత్తిడి లేని చోట మాట్లాడి ఇష్టం తెలుసుకోవాలంది, మనసు మార్పించడానికి కౌన్సెలింగ్ వాడొద్దంది. స్టేషన్‌లో "మా వాళ్లు లేకుండా మాట్లాడతాను" అని అడగడం మర్యాద తప్పడమేమీ కాదు.

బయటపడ్డాక వారం తిరక్కుండానే వచ్చే తలనొప్పి చాలా చిన్నది, దాని గురించి ముందుగా ఎవరూ ఆలోచించరు. బ్యాంకు ఖాతాకీ ఆధార్‌కీ ఉన్నది నాన్న నంబరు. డబ్బు తియ్యబోతే ఓటీపీ ఆయన ఫోన్‌కి వెళ్తుంది, డిజిలాకర్‌లో మార్కుల మెమో తీసుకుందామన్నా అదే, పైగా ఆ ఓటీపీతోనే అమ్మాయి ఏదో చేస్తోందని ఇంట్లో తెలిసిపోతుంది. ఆధార్‌లో మొబైల్ నంబరు మార్చుకోవడానికి కాగితాలేవీ అడగరు, ఆధార్ సేవా కేంద్రానికి మనిషి వెళ్లి వేలిముద్ర వేస్తే చాలు. ఆ పని అయ్యాకే బ్యాంకుకి వెళ్లాలి. సర్టిఫికెట్లు ఇంట్లోనే ఉండిపోయినా బోర్డు, యూనివర్సిటీ డూప్లికేట్లు ఇస్తాయి. కొన్ని రోజులు పడుతుంది, రుసుము కట్టాలి, అంతే.